సౌమ్యత వేరు, మితవాదం వేరు

మన రాజకీయాల్లో ‘మితవాది’ అన్న బిరుదు చాలా చవకగా దొరుకుతుంది. గొంతు పెంచకుండా మాట్లాడితే మితవాది. ప్రత్యర్థిని బూతులు తిట్టకపోతే మితవాది. చదువుకుని, తెల్లచొక్కా నలగకుండా సభలో నాలుగు లెక్కలు చెప్పగలిగితే ఇక తిరుగులేని మితవాది. పల్నాడులో ఈ బిరుదుకు గిరాకీ మరీ ఎక్కువ. నాటుబాంబులూ వేటకొడవళ్ళూ ఎన్నికల సామగ్రిలో భాగమైపోయిన చోట మర్యాదగా మాట్లాడే నాయకుడు కనిపిస్తే జనం ఊపిరి పీల్చుకుంటారు. అది సహజం. ఆ మర్యాదకు విలువ లేదని మేమనడం లేదు. అది వ్యక్తి స్వభావమే తప్ప రాజకీయ వైఖరి కాదని మాత్రమే అంటున్నాం.

నరసరావుపేట లోక్‌సభ సభ్యుడు లావు శ్రీకృష్ణదేవరాయలు సౌమ్యుడన్న పేరున్న నాయకుడు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. 2024 జనవరిలో ఆ పార్టీకి రాజీనామా చేశారు. తర్వాత తెలుగుదేశంలో చేరి, అదే స్థానం నుంచి మళ్ళీ గెలిచి, లోక్‌సభలో ఆ పార్టీ పక్ష నాయకుడయ్యారు. బిజెపితో చేయి కలిపినా దాని దూకుడుకు కళ్ళెం వేసేది తామేనని, లౌకిక విలువలకు తాము హామీ అని ఆయన పార్టీ చెప్పుకుంటుంది. ఈ మాటను మాటగా వదిలెయ్యకుండా, చట్టసభ రికార్డు పక్కన పెట్టి చూడవలసిన బాధ్యత స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనకుంది.

వక్ఫ్ సవరణ బిల్లు ఇందుకు సరైన గీటురాయి. 2024 ఆగస్టులో వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘంలో దేవరాయలు సభ్యులు. 2025 ఏప్రిల్ 2న మొదలైన చర్చ అర్ధరాత్రి దాటాక ముగిసింది. అనుకూలంగా 288 మంది, వ్యతిరేకంగా 232 మంది ఓటు వేశారు. తెలుగుదేశం బిల్లును సమర్థించింది. ముస్లింలకు నష్టం లేకుండా బిల్లును మెత్తబరిచామని, తమ సూచనలు మూడింటిని కేంద్రం ఒప్పుకుందని చెప్పింది. అప్పటికే నమోదై ఉన్న ‘వాడుక వల్ల వక్ఫ్’ ఆస్తుల జోలికి పోకపోవడం, వివాదాల్లో కలెక్టరుకు బదులు అంతకన్నా పై హోదా అధికారిని పెట్టడం, పత్రాలు దాఖలు చేసేందుకు గడువు పెంచడం. ఇవీ ఆ మూడు.

ఈ మెత్తబరచడం ఏపాటిదో 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వ స్థలమన్న వివాదం వచ్చినప్పుడు ప్రభుత్వాధికారే విచారించి హక్కును తేల్చే నిబంధనలను కోర్టు నిలిపివేసింది. ఆస్తి హక్కును నిర్ణయించడం కార్యనిర్వాహక అధికారి పని కాదంది. అధికారి హోదా పెంచినంత మాత్రాన అసలు దోషం పోలేదన్నమాట. వక్ఫ్ చేసే వ్యక్తి అయిదేళ్ళుగా ఇస్లాం ఆచరిస్తున్నట్టు చూపాలన్న షరతునూ కోర్టు ఆపింది. బోర్డుల్లో ముస్లిమేతరుల సంఖ్యకు పరిమితి పెట్టింది. మితవాదులు సమర్థించి పంపిన చట్టానికి కళ్ళెం వెయ్యడానికి కోర్టు పూనుకోవలసివచ్చింది.

ఈ చట్టాన్ని ముస్లిం స్త్రీల పేరుతో అమ్మజూపిన తీరు మనకు మరింత ముఖ్యం. బోర్డుల్లో ఇద్దరు స్త్రీలకు చోటిచ్చామని ఊరూరా చెప్పారు. ఆ ఏర్పాటు కొత్తది కాదు. 1995 నాటి వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణలోనే రాష్ట్ర బోర్డులో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలని ఉంది, కేంద్ర మండలిలోనూ అంతే. ఉన్న హక్కునే కొత్త కానుకగా చుట్టి ఇవ్వడం, ఆ చాటున ఒక సమాజం ఆస్తుల మీద ప్రభుత్వ పెత్తనాన్ని పెంచడం మనకు తెలియని ఎత్తుగడ కాదు. కుటుంబ వక్ఫులో ముందుగా స్త్రీల వారసత్వ వాటా తేల్చాలన్న నిబంధన మంచిదే, దాన్ని మేం ఆహ్వానిస్తాం. అయితే ఆ ఒక్క మంచిని చూపించి తక్కిన చట్టాన్నంతా మింగించడాన్ని ఒప్పుకోలేం. 1986లో షాబానో తీర్పును నీరుగార్చినప్పుడు మతపెద్దల పేరుతో జరిగిందీ, ఇప్పుడు సంస్కరణ పేరుతో జరిగిందీ ఒక్క విషయంలో ఒకటే. ముస్లిం స్త్రీ రెండుచోట్లా సాకు మాత్రమే. పిడుగురాళ్ళలోనో మాచర్లలోనో ఒంటరిగా పిల్లల్ని సాకుతున్న ముస్లిం స్త్రీకి కావలసింది వక్ఫ్ ఆదాయంలోంచి విద్యకూ పోషణకూ కచ్చితమైన వాటా, దాన్ని అడిగే చోటు. ఆమెతో మాట్లాడి ఈ ఓటు వేశారా అని మన ఎంపీని అడగాలి.

దీనికి ముందటి అధ్యాయమూ మరవకూడదు. 2019 డిసెంబరు 9న లోక్‌సభలో పౌరసత్వ సవరణ బిల్లు 311–80 ఓట్లతో నెగ్గింది. వైఎస్సార్ కాంగ్రెస్ ఆనాడు దాన్ని సమర్థించింది. దేవరాయలు అప్పుడా పార్టీ సభ్యులు. పౌరసత్వానికి మతాన్ని కొలతగా పెట్టి, ఆ తర్వాత కాగితాలు చూపమంటే మొదట చిక్కుల్లో పడేది స్త్రీలే. పుట్టిన తేదీ రాయించని ఆడపిల్లలు, పెళ్ళితో ఊరూ ఇంటిపేరూ మారినవాళ్ళు, భూమి పట్టాలో పేరు లేనివాళ్ళు. షాహీన్‌బాగ్ రోడ్డు మీద స్త్రీలే ముందు కూర్చోవడానికి కారణం ఇదే. ఆరేళ్ళ లోపు రెండు కీలక ఓట్లు, రెండు వేర్వేరు పార్టీలు, మైనారిటీల విషయంలో ఫలితం మాత్రం ఒకటే. జెండా మారింది, దిశ మారలేదు.

‘పార్టీ విప్ ఉన్నప్పుడు ఒక్క సభ్యుడేం చేస్తాడు?’ అని అడగవచ్చు. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం సభ్యుల చేతులు కట్టేసిన మాట నిజం. అయితే పార్లమెంటరీ సంఘంలో కూర్చున్నవారు, పార్టీ పక్ష నాయకుడు అయినవారు ఆ నిర్ణయాన్ని మోసిన చేతుల్లో ఒకరే కదా. ఇది చిన్న మిత్రపక్షం నిస్సహాయత కూడా కాదు. 2024లో బిజెపికి వచ్చినవి 240 స్థానాలు. తెలుగుదేశానికి 16, జనతాదళ్ యునైటెడ్‌కు 12. అందరూ హాజరై ఓటేశారనుకుంటే, ఈ 28 మంది అటునుంచి ఇటు వస్తే లెక్క 260–260 అయ్యేది. బలం లేక ఒప్పుకోవడం వేరు, బలం ఉండి ఒప్పుకోవడం వేరు.

తెలుగుదేశానికి ఈ విద్య పాతదే. 2002లో గుజరాత్ మారణకాండ తర్వాత ముఖ్యమంత్రి నరేంద్ర మోదీని మార్చాలని ఆ పార్టీ గట్టిగానే కోరింది. లోక్‌సభలో అభిశంసన తీర్మానం ఓటింగుకు వచ్చేసరికి పాల్గొనకుండా తప్పుకుంది. మాటలో లౌకికం, ఓటులో గైర్హాజరు. 2025 నాటికి ఆ గైర్హాజరు కాస్తా హాజరైంది, అటువైపు.

స్త్రీల శరీరాల విషయంలో ఈ మధ్యేమార్గం ఎటు నడిచిందో కూడా చూద్దాం. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీల్లో పోటీ చెయ్యరాదన్న 1994 నాటి నిబంధన ఎందరో పేద, దళిత స్త్రీలను పదవులకు దూరం చేసింది. దాన్ని ఎత్తెయ్యాలని మహిళా సంఘాలు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాయి. 2024 నవంబరులో ఎత్తేశారు. సంతోషించేలోపే కారణం చెప్పారు. జనాభా తగ్గిపోతోంది కాబట్టి ఎక్కువమందిని కనాలట! 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. నిన్న కనొద్దని శిక్ష, నేడు కనమని బహుమతి. రెండింటిలోనూ గర్భసంచి ప్రభుత్వ పథకమే. అదే ఏడాది జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికీ, స్త్రీలను రాత్రి షిఫ్టులకు తీసుకోవడానికీ ఆమోదం తెలిపింది. మూడో బిడ్డను ఎవరు పెంచాలో, పదో గంట ఎవరు పనిచెయ్యాలో ఒకే కాగితం మీద రాసి చూసుకుంటే ఈ విధానంలోని క్రూరత్వం బోధపడుతుంది. ఆ పార్టీ లోక్‌సభా పక్ష నాయకుడి అభిప్రాయమేమిటో మన జిల్లా స్త్రీలు తెలుసుకోవాలి.

పల్నాడుకు మర్యాదస్తుల పితృస్వామ్యం కొత్త కాదు. నరసరావుపేట నుంచి అయిదుసార్లు గెలిచిన డాక్టర్ కోడెల శివప్రసాదరావు సత్తెనపల్లి సభ్యుడిగా శాసనసభాపతి అయ్యారు. 2017 ఫిబ్రవరిలో అమరావతిలో జాతీయ మహిళా పార్లమెంటును నిర్వహించింది ఆయనే. అదే సందర్భంలో స్త్రీల భద్రతను షెడ్డులో ఉంచిన కారుతో పోల్చి, బయటికి తీస్తేనే ప్రమాదాలన్న ధోరణిలో మాట్లాడారు. తన మాటల్ని వక్రీకరించారని తర్వాత అన్నారు. ఆయన ఈ రోజు లేరు, వ్యక్తిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. స్త్రీల కోసం వేసిన పందిట్లోనే స్త్రీని ఇంట్లో ఉండమనగలిగిన ఆ ధీమా ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే మా ప్రశ్న. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని చెప్పుకునేటప్పుడు మాచర్ల బ్రహ్మనాయుడికి చాపకూటి కీర్తి, గురజాల నాగమ్మకు నింద. రాజ్యం నడిపిన స్త్రీని కుట్రదారుగానే గుర్తు పెట్టుకున్న నేల ఇది. నరసరావుపేట నుంచి ఇంతవరకూ ఒక్క స్త్రీ కూడా లోక్‌సభకు వెళ్ళలేదు. 1996లో ప్రవేశపెట్టిన మహిళా రిజర్వేషన్ బిల్లు 2023లో చట్టమయ్యేటప్పుడు జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపడి వచ్చింది. ఆ ముడికి కూడా మన మితవాదులు తల ఊపారు.

మితవాదం అంటే రెండు అన్యాయాల మధ్య నడిమి గీత గీయడం కాదు. బలవంతుడి చెయ్యి బలహీనుడి మీద పడుతున్నప్పుడు దాన్ని ఆపడం. ఆ కొలతతో చూస్తే దేవరాయలుకు గానీ, ఆయన పార్టీకి గానీ ఈ బిరుదు ఇంకా దక్కలేదు.

ఈ కొలత ఆయన ఒక్కరికే కాదు, రేపు ఆ స్థానంలోకి ఎవరు వచ్చినా వర్తిస్తుంది. కాబట్టి నరసరావుపేటలో, గురజాలలో, మాచర్లలో పనిచేస్తున్న సంఘాలు నాయకుల ప్రసంగాల కన్నా ఓట్ల రికార్డును చదివే అలవాటు చేసుకోవాలి. పొదుపు సంఘం సమావేశంలోనైనా, మిరప కల్లాల దగ్గరైనా ఏ బిల్లుకు ఎటు ఓటు వేశారో చదివి వినిపించాలి. ముస్లిం స్త్రీల సమస్యను ముస్లిం స్త్రీలకే వదిలెయ్యకుండా, దళిత, బహుజన స్త్రీలంతా కలిసి ఎంపీ కార్యాలయానికి లిఖితపూర్వకంగా ప్రశ్నలు పంపాలి. జవాబు వస్తే ప్రచురిద్దాం. రాకపోతే ఆ మౌనాన్నీ ప్రచురిద్దాం.