రెండో కేబుల్ వేస్తే వేగం రెండింతలవుతుందా?

‘రెండు స్విచ్‌ల మధ్య ఇంకో కేబుల్ వేస్తే స్పీడు డబుల్ అవుతుంది కదండీ?’ ఈమధ్య నన్ను ఒకాయన అడిగారు. ఓ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటారాయన. పైన ల్యాబ్‌లో 60 సిస్టమ్‌లు, కింద సర్వర్ రూము, మధ్యలో ఒక్కటే 1 గిగాబిట్ కేబుల్. ఆన్‌లైన్ పరీక్షకి అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేసరికి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ‘సార్, నాది హ్యాంగయింది’ అంటూ చేతులు లేస్తాయి. పరీక్ష టైము మాత్రం ఆగదు.

ఖాళీ పోర్టులున్నాయి కదా అని రెండో కేబుల్ ఊరికే గుచ్చేస్తే కొంప మునుగుతుంది. అందరికీ వెళ్లాల్సిన ప్యాకెట్ ఒక తీగలోంచి వెళ్లి రెండో తీగలోంచి తిరిగొస్తుంది. మళ్లీ వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఈథర్‌నెట్ ప్యాకెట్‌కి ఆయుష్షంటూ లేదు కాబట్టి ఆ తిరుగుడుకి అంతు ఉండదు. కాసేపటికి నెట్‌వర్క్ మొత్తం చతికిలపడుతుంది. స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉంటే ప్రమాదం తప్పుతుంది గానీ, అది రెండో కేబుల్‌ని మూసేస్తుంది. కేబుల్ ఖర్చు దండగ.

‘ఈ రెండూ కలిపి ఒక్కటే దారి’ అని రెండు స్విచ్‌లకీ ముందే చెప్పాలి. అదే లింక్ అగ్రిగేషన్. సిస్కో భాషలో ఈథర్‌చానల్. కొన్ని కంపెనీలు ట్రంక్ అంటాయి. సిస్కోలో ఆ మాటకి అర్థం వేరు, తికమక పడకండి. ఈథర్‌చానల్‌ని మొదట తయారుచేసింది కల్పన అనే అమెరికా కంపెనీ. పేరు చూసి ఏ సినిమా హాలో అనుకునేరు! 1994లో సిస్కో దాన్ని కొనేసింది. 2000లో ఐఈఈఈ వాళ్లు 802.3ఏడీ పేరుతో అన్ని కంపెనీలకూ పనికొచ్చే ప్రమాణం తెచ్చారు.

ఇక స్పీడు సంగతి. సంక్రాంతికి విజయవాడ వెళ్తూ పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కౌంటర్లు పెంచితే క్యూ తగ్గుతుంది. మీ కారు మాత్రం ఒక్క కౌంటర్లోంచే పోవాలి. ఇక్కడా అంతే. ఒక సంభాషణ ప్యాకెట్లన్నీ ఒకే తీగలో వెళ్తాయి, లేకపోతే వరస తప్పుతాయి. పెద్ద ఫైలు ఒక్కటే కాపీ చేస్తే పాత స్పీడే వస్తుంది. 60 మంది కలిసి వాడినప్పుడే తేడా కనిపిస్తుంది.

అదీ అన్నిసార్లూ కాదు. ఏ ప్యాకెట్ ఏ తీగలో వెళ్లాలో స్విచ్ అడ్రసులు చూసి లెక్క కడుతుంది. సర్వర్ రూము స్విచ్ ‘పంపింది ఎవరు’ అన్నదొక్కటే చూసేలా సెట్ చేసి ఉందనుకోండి. పంపేది ఎప్పుడూ ఆ ఒక్క సర్వరే! 60 మంది డేటా ఒకే తీగలోకి దూరుతుంది, రెండోది గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. పంపినవారు, అందుకునేవారు ఇద్దరి ఐపీ అడ్రసులూ చూడమని మార్చాలి. లెక్క ఏ స్విచ్‌కి ఆ స్విచ్చే కడుతుంది కాబట్టి ల్యాబ్ వైపు కూడా చూసుకోవాలి.

అసలు నేను ఆయన్ని ముందు అడిగింది వేరే. సర్వర్ నుంచి దాని స్విచ్‌కి ఎన్ని కేబుళ్లున్నాయి? ఒక్కటేనట, అదీ 1 గిగాబిట్. మరి పైన రెండేం ఖర్మ, నాలుగు వేసినా ఇరుకు ఇరుకే. సర్వర్‌కి కూడా జత కట్టాలి. రెండు స్విచ్‌ల్లోనూ 10 గిగాబిట్ ఫైబర్ పోర్టులుంటే, స్విచ్‌ల మధ్య అదొక్కటి వేసుకోవడమే సుఖమని నా లెక్క.

జత కట్టేటప్పుడు ఎల్‌ఏసీపీ వాడండి. అవతలివైపు కూడా సెట్ అయిందో లేదో స్విచ్‌లు మాట్లాడుకుని తేల్చుకుంటాయి. రెండువైపులా ‘పాసివ్’ పెడితే మాత్రం పెళ్లిచూపుల్లో మొహమాటస్తుల్లా ఎవరూ నోరు విప్పరు, జత కుదరదు. ఒకవైపైనా ‘యాక్టివ్’ ఉండాలి. పోర్టుల స్పీడు ఒకటే ఉండాలి. సెట్టింగ్ రెండువైపులా పూర్తయ్యాకే రెండో కేబుల్ గుచ్చాలి.

నా దృష్టిలో దీని అసలు లాభం స్పీడు కాదు. పరీక్ష మధ్యలో ఒక తీగ తెగినా రెండోది పని నడిపిస్తుంది. అందుకే రెండు కేబుళ్లనూ ఒకే పైపులో దించొద్దన్నాను, ఎలుక కొరికితే రెండూ పోతాయి. పరీక్షకి ముందు ఆదివారం ఒక కేబుల్ పీకి చూస్తానన్నారాయన.