పక్క గది ఎక్కడ?

పాతబస్తీ కుర్రాళ్ళు రాత్రి రెండయినా పడుకోరట. దానికి పోలీసులు కనిపెట్టిన మందు 'ఆపరేషన్ చబుత్రా'. పదేళ్ళ కిందట మొదలైంది, అప్పుడప్పుడూ మళ్ళీ లేస్తుంటుంది. చబుత్రా అంటే ఇంటిముందు అరుగు. అర్ధరాత్రి అక్కడ కబుర్లాడే పిల్లల్ని ఎత్తుకెళ్ళి, అమ్మానాన్నల్ని పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపుతారు.

ఏ ఇంటికి? మే నెలలో పగలంతా కాగి రాత్రంతా సెగ కక్కే స్లాబు కింద, ఒకే గదిలో ఆరుగురు సర్దుకునే ఇంటికి. అలాంటి ఇంటికి అరుగే రెండో గది. నిద్ర నిపుణులేమో ఫోను పక్క గదిలో పెట్టి పడుకోమంటారు. పక్క గది!

ఫోను పిచ్చి లేదనను. అది గచ్చిబౌలిలోనూ ఉంది, అక్కడ ఎవరి బెడ్రూం తలుపూ పోలీసులు తట్టరు. హైటెక్ సిటీలో తెల్లవార్లూ మేలుకుంటే నైట్ షిఫ్ట్. రంజాన్‌లో లాడ్ బజార్ మేలుకుంటే మనకి రీల్స్. అదే గాజుల కొట్టు కుర్రాడు మామూలు రోజున షట్టర్ దించి అరుగెక్కితే న్యూసెన్స్.

2023లో రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇళ్ళలో 600 గజాలు, ఆపై స్థలం ఉన్నవాటికే తప్పనిసరి, చిన్నవాటికి మీ ఇష్టం అంది. తలాబ్‌కట్ట గల్లీల్లో 600 గజాల ఇళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టి రండి, కౌన్సెలింగ్ సంగతి తర్వాత మాట్లాడదాం.