పెసల సేమ్యాలో పెసలెంత?

రమజాన్ సమీపిస్తే గుంటూరు ముస్లిం ఇళ్ళలో సేమ్యా పొట్లాలు చేరతాయి. అది గోధుమ సేమ్యా. ఇప్పుడు దాని పక్కన చైనా గ్లాస్ నూడుల్స్ కూడా కనిపిస్తున్నాయి. పెసలతో చేసినవి కనుక బలమని తలచి, పప్పు మానిపించి పిల్లలకు ఇవే వడ్డించే తల్లులను మేము చూశాము. ఇది పొరపాటు.

పెసలను నానబెట్టి రుబ్బి, వడగట్టి, అడుగున పేరిన పిండిని మాత్రమే తీసి వీటిని వత్తుతారు. మాంసకృత్తులు, పీచు ఆ వడపోతలోనే పోతాయి. వంద గ్రాముల పెసలలో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు. అంతే బరువు గల ఎండు గ్లాస్ నూడుల్స్‌లో ఒక గ్రాము కూడా ఉండవు. 85 గ్రాములకు పైగా పిండిపదార్థమే. చక్కెర వ్యాధిగ్రస్తులు కొలత పాటించాలి. గోధుమ పడనివారికి మాత్రం ఇవి మేలైనవే.

మరిగిన నీటిలో పది నిమిషాలు నానితే అద్దంలా తేటపడతాయి. సొంత రుచి లేదు. పులుసు రుచినే పీల్చుకుంటాయి. చైనాలోని షియాన్ ముస్లింలు గొర్రెమాంసపు చారులో రొట్టె ముక్కలతో పాటు వీటిని వేస్తారు. మన యఖ్నీలోనూ చక్కగా అమరుతాయి. మన మిరపకారాన్ని మాత్రం చేయి బిగించి వేయాలి సుమా! పిల్లలకు పెట్టేటప్పుడు గుడ్డో, మాంసపు ముక్కలో తప్పక కలపాలి. సహరీకి మాత్రం మన పెసరట్టే పోయండి.