నదీగర్భము ఎవరి సొత్తు?

పారు నీరెవరిదని అడుగుట వేరు. ఆ నీటిక్రింది నేల యెవరిదని అడుగుట వేరు. అమెరికాలో ఈ రెండవ ప్రశ్నకు పడవయే సమాధానము చెప్పవలెను. ఒక ప్రాంతము రాష్ట్రముగా ఏర్పడిననాడు అచటి నది నౌకాయానమునకు తగినదైనచో దాని గర్భము రాష్ట్రమునకు చెందును. కానిచో కేంద్రమునకో, కేంద్రమునుండి పొందినవారికో చెందును.

మొంటానా 1889లో రాష్ట్రమైనది. అచట మిస్సోరి, మాడిసన్, క్లార్క్ ఫోర్క్ నదులపై అప్పట్లో జలవిద్యుత్తు ఉత్పత్తిచేయుచుండిన పి.పి.ఎల్. మొంటానా సంస్థ, నదీగర్భమును వాడుకొన్నందులకు 2000 నుండి 2007 వరకు సుమారు 4 కోట్ల డాలర్ల అద్దె చెల్లింపవలెనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పినది. 2012లో అమెరికా సుప్రీంకోర్టు దానిని ఏకగ్రీవముగా త్రోసివేసినది. నదినంతటిని ఒక్కటిగా గాక, భాగము భాగముగా పరీక్షింపవలెననియు, నేటి విహారపు పడవలు 1889 నాటి వర్తకపు పడవలకు తమంతట సాక్ష్యము కాజాలవనియు నిర్ణయించినది.

మరి సాక్ష్యమేది? 1805లో లూయిస్, క్లార్క్ అను అన్వేషకులు మిస్సోరి మహాజలపాతములకడ పడవలను గట్టెక్కించి నేలమీదుగా తరలించిరి. మనము తరగతిలో చెప్పు యాత్రాచరిత్ర వంటిదే రెండువందల యేండ్ల పిమ్మట కోట్ల దావాలో సాక్షియై నిలిచినది. చరిత్ర నిరుపయోగమను విద్యార్థికి ఇంతకన్న సమాధానమేమి కావలెను?

ఐనను ఒక చిక్కు మిగిలినది. నేలను ముక్కలుగా పంచవచ్చును. చేపకు, ప్రవాహమునకు ఆ సరిహద్దులు తెలియవు. గర్భము ఎవరిదైనను, నీటిపై ప్రజల హక్కును కాపాడు అధికారము రాష్ట్రములకు కలదని అదే తీర్పు అంగీకరించినది. స్వామ్యముకన్న సంరక్షణ విశాలమైనదని గ్రహించుటయే ఇందలి సారము.