పరీ కథల పుట్టిల్లు ఎక్కడ?

ఉర్దూ ఇంట పరీ అన్నను, తెలుగు ఇంట దేవకన్య అన్నను పసివారి కన్నులు ఒకే తీరున విప్పారుతాయి. ఈ పరీలు ఎక్కడివారు? ఒకనాడు నిజముగా బ్రతికిన మనుష్యులా? 1890లో స్కాట్లండు పండితుడు డేవిడ్ మెక్‌రిచీ ఔనన్నాడు. వెనుక వచ్చినవారిచే తరుమబడి, నేలమాళిగలలో తలదాచుకొన్న పొట్టి జాతివారే కథలలో పరీలైనారని ఆయన వాదము.

ఆ వాదమును పరీక్షించుటకు మనము స్కాట్లండు పోనక్కరలేదు. పలమనేరు ప్రాంతమున నిలువు పలకలపై బండ కప్పిన పురాతన సమాధులున్నవి. జనులు వాటిని పాండవ గుళ్ళంటారు. కన్నడ సీమలోని హిరే బెణకల్ కొండపై ఇట్టివి వందలకొద్దీ ఉన్నవి. అవి మోరియరు అను మరుగుజ్జుల ఇండ్లని అక్కడివారు చెప్పుకొంటారు. ద్వారము పిల్లవాడు దూరునంతయే గదా, కాపురమున్నవారును పొట్టివారే అయి ఉండవలెనని ఊహ. మెక్‌రిచీ వినియుంటే ఎంత సంతోషించునో! కాని అవి ఇండ్లు కావు, ఇనుప యుగపు సమాధులు. దక్షిణాపథమున ఇట్టివాటిని త్రవ్వగా దొరికిన ఎముకలు మామూలు మనుష్యులవే. మరుగుజ్జులను చూచి కథ పుట్టలేదు. రాతిని చూచి, అది ఎవరి సమాధియో మరచిన తరువాత పుట్టినది.

పేరును నమ్ముకొందమన్నను చిక్కే. అవెస్తాలో పైరికా అనగా కీడు చేయు మాయలాడి. ఆమెయే పారశీక కవుల చేతిలో సుందరియైన పరీ అయినది. 1625లో గోల్కొండ కవి గవ్వాసీ దక్కనీలో చెప్పిన సైఫుల్ ములూక్ కథకు నాయిక అయినది. మాట నిలిచినది, మనిషి మారినది. కలికి అనగా అందగత్తె కనుక కలికిరి దేవకన్యలు దిగిన ఊరని వ్రాయుటకు మేమును ఒకసారి ఉబలాటపడితిమి. శాసనము చూపుమని ఎవరైన అడిగిన ఏమి చెప్పుదుము?

మూలము వెదకుటకు ముందు కథ చేత నుండవలెను. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను సేకరించిన పిదపనే సిద్ధాంత గ్రంథము వ్రాసినారు. మన గ్రంథాలయమున ఒక లావుపాటి పుస్తకము ఉంచి, సెలవులకు ఇంటికి పోవు ప్రతి విద్యార్థియు నానీ చెప్పినదో, అవ్వ చెప్పినదో ఒక్క కథను, చెప్పినవారి ఊరు, వయస్సులతో, ఉర్దూలోగాని తెలుగులోగాని అందులో వ్రాయవలెనని సంఘమువారు నియమించవలెనని మా కోరిక. కథలో గుట్టగాని బండగాని వచ్చినచో అది ఎచ్చట నున్నదో కూడ వ్రాయవలెను. ఎన్నోచోట్ల ఆ బండలు ఇప్పటికే కంకర అయిపోయినవి.