గడిలో అతిథికి నీళ్లు కాచేదెవరు?

సిర్నాపల్లి గడిని రాజస్థాన్ కోటల లెక్క హెరిటేజ్ హోటల్ చేస్తే ఎట్లుంటది? మా క్లబ్ గ్రూపులో ఈ చర్చ వచ్చినప్పుడు అందరూ "సూపర్" అన్నారు. అక్కడ అతిథికి పొద్దున్నే నీళ్లు కాచేదెవరు అని మాత్రం ఎవరూ అడగలేదు. నాకు మొదట వచ్చిన ప్రశ్న అదే.

ఫస్టియర్ వాళ్ల కోసం చెప్తున్నా. సిర్నాపల్లి ఇందల్వాయి మండలంలో అడవి అంచు ఊరు. నిజాం కాలంలో సంస్థానం. దాన్ని పాలించిన రాణి జానకీబాయి చెరువులు, కాలువలు తవ్వించిందని మన దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటారు. జానకంపేటకు ఆ పేరు ఆమె వల్లే వచ్చిందంటారు, అక్కడి జలపాతానికీ ఆమె పేరే. వానకాలం ఆదివారమైతే నిజామాబాద్, బోధన్ బైకులు అక్కడికే పోతాయి. సెల్ఫీ దిగుడు, మక్కకంకి తినుడు, పొద్దు గూకక ముందే వాపసు.

ఊరు తెలవాలంటే ఒక రాత్రి ఉండాలి. ఇది మనకు కొత్త సంగతేం కాదు. ఓరుగల్లులో రూకకు భోజనం పెట్టే పూటకూళ్లింటి ముచ్చట క్రీడాభిరామంలోనే ఉంది. జపాన్‌లో హోషి అనే సత్రం 718లో మొదలైందని, నలభై ఆరు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతోందని చదివినప్పుడు నాకు కొంచెం కుళ్లు పుట్టింది. మన దగ్గర దోమకొండ కోటను ఆ కుటుంబమే బాగు చేయించుకుంది, 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. అంటే పాత గోడలను నిలబెట్టొచ్చు. సివిల్ వాళ్లకు చిన్న మాట: డంగు సున్నం గోడకు సిమెంట్ పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడే పాడైతది. దయచేసి ఆ మంచి పని చేయకండి.

కానీ గోడల సంగతి వేరు, గడిలో అతిథి మర్యాద సంగతి వేరు. దొర ఇంటికి చుట్టమొచ్చినా, గిర్దావరో తహసీల్దారో ఊళ్లో మకాం వేసినా కట్టెలు, కుండలు, కోళ్లు, మంచాలు ఊరే తెచ్చియ్యాలి. నీళ్లు మోసేది, బట్టలుతికేది, బండి కట్టేది అంతా వెట్టి. పైసా లేదు. మా తాతమ్మ ఒక గడిలో అట్లా చేసినామె. ఏ గడో ఇక్కడ రాయను. "గడి హోటలైతే ఒక రాత్రి ఉండొద్దామా?" అని మా నాయనమ్మను అడిగితే, "మంచం మీద పండుకోవాల్నా, కింద పండుకోవాల్నా?" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు నవ్వు రాలేదు.

అందుకే "రాచరిక అనుభవం" అని బోర్డు పెట్టి, తలపాగాలు కట్టించిన పిల్లలతో దండాలు పెట్టించే హోటల్ అయితే నాకొద్దు. గడిని తెరవండి. నాలుగైదు గదులు చాలు. ఊరి మహిళా సంఘాలకు వంట, నడపడం అప్పగించండి, నెల జీతం ఇవ్వండి, లాభంలో వాటా ఇవ్వండి. రాణి తవ్వించిన చెరువుల కథ చెప్పే గోడ మీదనే వెట్టి కథ కూడా రాయండి. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడితే పట్నపోళ్లు సంతోషంగా పైసలిస్తారు, ఆ బాధ లేదు.

నిజం చెప్పాలంటే నా మనసు గడి కంటే బోధన్ దిక్కే ఎక్కువ లాగుతది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ కింద భూముల కోసం కోస్తా రైతులు వచ్చి కట్టుకున్న క్యాంపులు వర్ని, కోటగిరి దాకా ఉన్నాయి. పిల్లలు హైదరాబాద్, అమెరికా పోయి, పెద్ద ఇళ్లలో ముసలివాళ్లిద్దరే మిగిలినవి చాలా ఉన్నాయి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక చెరకు పొలాలు కూడా మడులైతున్నాయి. రెండు గదుల పూటకూళ్లిల్లు ఫ్యాక్టరీ లోటు తీరుస్తదని నేననను, అది వెటకారమైతది. కాకపోతే ఆ ముసలమ్మకు వంట చేసిపెట్టే తోడొకరు, ఆ తోడుకు జీతం దొరుకుతాయి. కాలువ ఎట్లా వచ్చిందో, ఎవరి భూమి ఎవరికి పోయిందో రాత్రి అరుగు మీద కూర్చుని వినే అవకాశం మనకు దొరుకుతది. ఇట్లాంటి కథలు రెండు దిక్కులా వినాలి, అది వేరే వ్యాసం.

వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకు మళ్లీ పార్కింగ్ సెన్సర్ చేసే బదులు అట్లాంటి ఒక ఇంటికి కొలతలు తీసి డ్రాయింగ్ గీద్దాం. సివిల్ నుంచి ఇద్దరు, కథలు రాసుకునేందుకు మన క్లబ్ నుంచి ఇద్దరు చాలు. బస్సు చార్జీలు ఎవరివి వాళ్లవే.