ఫ్రెంచి మెనూకి భయమెందుకు?

వరంగల్-ఖమ్మం రోడ్డు మీద వర్ధన్నపేటలో బస్సు దిగి ఏ చిన్న హోటల్లో కూర్చున్నా 'ఒక ఆమ్లెట్' అని ధైర్యంగా చెప్పేస్తారు. అదే హైదరాబాద్‌లో ఖరీదైన ఫ్రెంచి తరహా రెస్టారెంట్‌కి వెళ్తే మెనూ చూసి ఇంటిల్లిపాదీ మౌనం! నిజానికి ఆమ్లెట్, హోటల్, మెనూ, రెస్టారెంట్... అన్నీ ఫ్రెంచి నుంచి వచ్చిన మాటలే.

18వ శతాబ్దపు ప్యారిస్‌లో 'రెస్టారెంట్' అంటే నీరసించినవాళ్లకు సత్తువనిచ్చే మాంసం రసం. మన ఇళ్లలో కాచి ఇచ్చే మేక కాళ్ల సూపులాంటిదన్నమాట. క్రమంగా దాన్ని అమ్మే చోటుకీ ఆ పేరే స్థిరపడింది.

మిగతా మాటలూ అంతే. 'సూప్ దు జూర్' అంటే ఈరోజు సూపు. 'ఆ లా కార్ట్' అంటే మెనూలో నచ్చినవి విడివిడిగా తెప్పించుకోవడం. 'క్రెమ్ బ్రూలే' అంటే పైన పంచదార కాల్చిన కస్టర్డ్. అందులో గుడ్డు సొన ఉంటుంది కాబట్టి శాకాహారులు ముందే అడగాలి. ఫోర్కులు వరుసగా పేర్చి ఉంటే బయటివైపు నుంచి ఒక్కోటీ తీసుకోవాలి.

తెలియనిది వెయిటర్‌ని అడగడం నామోషీ కాదు. అడక్కుండా తెప్పించుకుని, తినలేక వదిలేసి, బిల్లు చూసి బాధపడటమే నష్టం. వెళ్లింది భోజనానికి, పరీక్ష రాయడానికి కాదుగా!